క్యూబులు మంచం కిందికి ఎందుకు వెళ్లాయి?

ఈ వారం ఉత్తరం మల్కాజిగిరి నుంచి వచ్చింది. పేరు రాయొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరం, కుదించి ఇస్తున్నాను.

ఆమె ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. భర్తది సేల్స్ ఉద్యోగం, నెలలో సగం రోజులు టూర్లే. పాపకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. మామగారు వీళ్లతోనే ఉంటారు. ఆయన జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 31 ఏళ్లు లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. రోజూ సాయంత్రం ఆరున్నరకల్లా మనవరాలిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఎక్కాలు అప్పజెప్పించుకుంటారు. పాపకు ఇరవయ్యో ఎక్కం దాకా కంఠతా వచ్చు. అయినా ఆగస్టులో స్లిప్ టెస్టులో 25కి 11 వచ్చాయి. 'డబ్బాలో 6 వరుసలు, వరుసకు 8 లడ్డూలు. మొత్తం ఎన్ని?' అంటే 14 అని రాసి వచ్చింది.

దసరా సెలవులకు ముందు ఈమె స్టీలు సామాను కోసం బేగంబజార్ వెళ్లి, ఒకదానికొకటి తగిలించే ప్లాస్టిక్ క్యూబుల ప్యాకెట్ కనబడితే తెచ్చారు. పది రంగులు, రంగుకు పది, మొత్తం వంద. మొదటి రెండు వారాలు ఇల్లంతా క్యూబులే. పాప చార్మినార్ కట్టింది. తర్వాత బతుకమ్మ కట్టింది: పైన ఒక్కటి, దాని కింద మూడుకు మూడు వరుస, ఐదుకు ఐదు, అడుగున ఏడుకు ఏడు. 'అమ్మా, కింద ఇంకో వరుస పెట్టాలంటే ఉన్నవి చాలతాయా?' అని అడిగింది. ఆ రోజు షీట్ పూర్తి కాలేదు కాబట్టి ముందు అది చెయ్యమన్నానని ఈమె రాశారు.

ఆ షీట్ల సంగతి ఇది. పాప ఉత్సాహం చూసి ఈమెకూ ఉత్సాహం వచ్చింది. క్యూబు పజిల్స్ వెతికి, ప్రింట్లు తీసి, రోజుకొకటి చొప్పున చేయించడం మొదలుపెట్టారు. ఫోన్లో టైమర్ పెట్టారు. కట్టినవి ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. ఒకరోజు ఏడు ముక్కలతో పెద్ద క్యూబు చేసే పజిల్ ఇచ్చారు. పాపకు రాలేదు, ఈమెకూ రాలేదు. వంటింట్లోకి వెళ్లి ఫోన్లో జవాబు చూసుకుని వచ్చి, అప్పుడే తట్టినట్టు చేసి చూపించారు. పాప కనిపెట్టేసింది.

దీపావళి అయిన వారానికి గొడవైంది. 'ఈ ప్లాస్టిక్ ముక్కలతో లెక్కలొస్తే మేమెందుకమ్మా ముప్ఫై ఏళ్లు గొంతు చించుకున్నది' అన్నారు మామగారు. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చిన ఈమె, 'మీలాంటి మాస్టార్ల వల్లే కదా మామయ్యా నాకు లెక్కలంటే వణుకు పట్టుకుంది' అనేశారు. అప్పటినుంచి ఆయన ఎక్కాలు అడగడం మానేశారు. అన్నం తిని గదిలోకి వెళ్లిపోతున్నారు. భర్త ఫోన్లోనే తేల్చేశారు: ఇప్పటికి పూసల చట్రంతో లెక్కలు నేర్పే అబాకస్‌లో వేద్దాం, వచ్చే ఏడాది పోటీ పరీక్షల కోచింగ్‌కు ముందస్తుగా నడిపే ఫౌండేషన్ బ్యాచ్. పాప మాత్రం క్యూబుల డబ్బాను మంచం కిందికి, పాత సూట్‌కేసు వెనక్కి నెట్టేసింది. తీసుకురమ్మంటే, 'ఇప్పుడవి హోంవర్క్ క్యూబులా, ఆడుకునే క్యూబులా?' అంది.

నేను చేసింది తప్పా? క్యూబులు అటకెక్కించి కోచింగ్‌లో చేర్చేయనా? పదో తరగతిలో 38 మార్కులతో గట్టెక్కిన నేను పిల్లకు లెక్కలు చెప్పడమేంటి? ఇవీ ఆమె ప్రశ్నలు. చివర్లో చిన్న అక్షరాలతో ఇంకొకటి: మూడు క్యూబులు పోయాయి, ఇంకో ప్యాకెట్ కొనాలా?

అమ్మా, నన్నడిగితే ఈ ఉత్తరంలో అన్నిటికన్నా మంచి ప్రశ్న మీది కాదు, మీ వారిది కాదు, బతుకమ్మ ముందు కూర్చున్న పాపది. ఇంకో వరుసకు ఉన్నవి చాలతాయా? మీరు దాన్ని ఒక వాక్యంలో రాసి దాటిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను.

ఆ ప్రశ్నలో ఏముందో చూడండి. ఒకటి, తొమ్మిది, ఇరవై అయిదు, నలభై తొమ్మిది కలిపితే 84. ప్యాకెట్‌లో వంద ఉన్నాయి కాబట్టి మిగిలినవి 16. కింద పెట్టాల్సిన వరుస తొమ్మిదికి తొమ్మిది. తాతయ్య దగ్గర పొద్దస్తమానం వల్లించిన ఎక్కంలో తొమ్మిది తొమ్మిదులు ఎనభై ఒకటి ఉంది. 16 ఎక్కడ, 81 ఎక్కడ! అప్పుడు పిల్ల ఏం చేస్తుంది? లోపల డొల్లగా ఉంచి అంచులకే పెడితే సరిపోతుందా అని ఆలోచిస్తుంది. తొమ్మిదికి తొమ్మిది చదరానికి అంచు చుట్టూ 32 కావాలి, అదీ చాలదు. పై వరుసల్లోంచి లోపలివి లాగేసి వాడుకోవచ్చా? బతుకమ్మ కూలిపోకుండా ఎన్ని లాగొచ్చు? చూశారా, ఇది ఏ షీట్‌లోనూ లేదు. మీరెవరూ ఇవ్వలేదు. పిల్ల తనంతట తాను అడిగింది.

ఆ రోజు మీరు చేసింది ఘోరమేమీ కాదు. అందరం చేసేదే. నేను ప్రైమరీ పిల్లలకు పాఠాలు చెప్పే రోజుల్లో మొదటిసారి ఇలాంటి క్యూబులు క్లాసులోకి తీసుకెళ్లి, ముందుగా కట్టినవాళ్లకు స్టార్ అని పోటీ పెట్టాను. ఒక పిల్లాడు చివరిదాకా ఒక్కటీ కట్టలేదు. చేతిలో రెండు ముక్కలు పట్టుకుని తిప్పి తిప్పి చూస్తూ కూర్చున్నాడు. బెల్లు కొట్టాక వచ్చి, 'టీచర్, ఇవి రెండూ ఒకటే అనుకున్నా గానీ కాదు' అన్నాడు. ఆ క్లాసు మొత్తంలో లెక్కల పని చేసినవాడు వాడొక్కడే. స్టార్ మాత్రం వాడికి రాలేదు.

వాడి చేతిలో ఉన్నదేంటో చెప్తాను, మీకూ పనికొస్తుంది. నాలుగే నాలుగు క్యూబులు తీసుకోండి. వాటిని ఎన్ని రకాలుగా తగిలించొచ్చు? తిప్పితే ఒకేలా కనిపించేవాటిని ఒకటిగానే లెక్కపెట్టాలి. బల్లమీద బోర్లా పడుకునేవి ఐదొస్తాయి: పొడుగు కడ్డీ, చదరం, ఎల్ ఆకారం, టీ ఆకారం, మెట్టు. తర్వాత పైకి లేచేవి. ఒక మూల దగ్గర మూడు వైపులకూ చాచినది ఒకటి. ఇంకో రెండు మెలితిరిగినట్టు ఉంటాయి. గొడవంతా ఆ రెండిటి దగ్గరే. పక్కపక్కన పెడితే ఒకటే అనిపిస్తాయి, ఎంత తిప్పినా ఒకదానిలో ఒకటి కుదరవు. ఎడమ చెప్పు, కుడి చెప్పు లాగన్నమాట. రెండిటినీ వేరుగా లెక్కపెడితే మొత్తం ఎనిమిది. అద్దంలో ప్రతిబింబాన్నీ ఒకటే అనుకుంటే ఏడు. ఇంట్లో ఒకరు ఏడన్నారు, ఒకరు ఎనిమిదన్నారు అనుకోండి, అంతకన్నా మంచి సాయంత్రం ఉండదు.

ఈ పజిల్‌కు 38 మార్కులు అడ్డం రావు. అసలా మార్కుల మాట నాకు నవ్వు తెప్పించింది. రోజంతా టాలీలో లెక్కలు చూసి, నెలాఖరున జీఎస్టీ తేడా రూపాయి వస్తే అది ఎక్కడ తప్పిందో పట్టుకునే మనిషి తనకు లెక్కలు రావంటే ఎవరు నమ్ముతారు? మీకు రానిది లెక్కలు కాదు, లెక్కల క్లాసులో కూర్చునే ధైర్యం. అది ఎవరో పోగొట్టారు. మీరు రాసినదాన్ని బట్టి, తప్పు చేస్తే సుద్దముక్క విసిరే మీ బడిలో మాస్టారు.

ఇక ఏడు ముక్కల పజిల్. దాని పేరు సోమా క్యూబ్. డెన్మార్క్‌కు చెందిన పీట్ హైన్ 1933లో కనిపెట్టాడు. మూడు క్యూబుల ముక్క ఒకటి, నాలుగేసి క్యూబుల ముక్కలు ఆరు, కలిపి 27. వాటిని మూడుకు మూడుకు మూడు క్యూబుగా పేర్చడానికి 240 దారులున్నాయని 1961లో కాన్వే, గై అనే ఇద్దరు గణితవేత్తలు చేత్తోనే తేల్చారు. 240 దారులుండీ మనకు ఒక్కటీ దొరకదు! అదే దాని సరదా. పెద్దపెద్దవాళ్లు గంటలు కూర్చుంటారు. మీకు రాకపోవడంలో వింతేమీ లేదు. కానీ మీరు వంటింట్లోకి వెళ్లి చూసి రావడంలో పాపకు ఒక సంగతి అర్థమైంది: తెలియకపోతే అది బయటపడకూడదు, దాచుకోవాలి. ఇప్పుడు పాపా అదే చేస్తోంది. మీరు తెలియనితనాన్ని దాచారు, తను డబ్బాను దాచింది.

ఇది చక్కదిద్దడం కష్టం కాదు. ఆ పజిల్ మళ్లీ తీసి, 'నాకూ రాలేదే, అందుకే ఫోన్లో చూశాను, ఇద్దరం కలిసి ఇంకో దారి వెతుకుదామా, ఇంకా 239 ఉన్నాయట' అనండి. చిన్న ఇబ్బంది ఒకటి చెప్పాలి. ఈ రకం క్యూబుకు ఒక వైపు బొడిపె, తక్కిన ఐదు వైపులా గుంతలు ఉంటాయి. ఎలా తగిలించినా ప్రతి ముక్కకూ ఒక బొడిపె మిగిలిపోతుంది. అది పక్క ముక్కకు తగిలి కుదరనివ్వకపోతే పిల్లలు తామే తప్పు చేశామనుకుంటారు. ముందే చెప్పండి. ఈ కాలమ్ చదివి కొనాలనుకునేవాళ్లకూ ఒక మాట: ఒకే వరుసలో రైలుపెట్టెల్లా మాత్రమే అతుక్కునే రకం కూడా దొరుకుతుంది. కూడికలకు అది చాలు గానీ ఇలాంటి పజిల్స్‌కు పనికిరాదు.

ఇప్పుడు మామగారి సంగతి. అసలు ముడి అక్కడే ఉందని నా అనుమానం.

మీరన్న మాట ఆయనకు ఎలా తగిలిందో ఒక్కసారి ఊహించుకోండి. 31 ఏళ్లు చేసిన పని మీద, అదీ రోజూ టీ ఇచ్చే కోడలి నోటినుంచి. మీరన్నది ఆ సుద్దముక్క మాస్టారిని. వెళ్లి పడింది ఈయన మీద. ఆయనన్న మాటా అలాంటిదే. ప్లాస్టిక్ ముక్కల మీద ఆయనకేం కోపం? సాయంత్రం ఆరున్నరకి మనవరాలితో గడిపే ఆ అరగంట చేజారిపోతోందని దిగులు. మీ షీట్లు మొదలయ్యాక ఎక్కాలు ఏ టైముకి జరుగుతున్నాయో మీ ఉత్తరంలో లేదు. జరగడం తగ్గిపోయి ఉంటుంది.

ఎక్కాలు తప్పు కాదమ్మా. ఎక్కాలు లేకపోతే బతుకమ్మ ప్రశ్న దగ్గర పాప వేళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చునేది. వచ్చిన చిక్కల్లా ఎక్కం ఒక గదిలో, లడ్డూలు ఇంకో గదిలో ఉండిపోవడం. ఆరు ఎనిమిదులు ఎంతంటే నిద్రలో లేపినా నలభై ఎనిమిది చెప్పే పిల్ల, డబ్బాలో ఆరు వరుసలు, వరుసకు ఎనిమిది అనగానే ఆరూ ఎనిమిదీ కూడేసింది. రెండంకెలు కనబడితే కూడటం అలవాటు. ఆ ఆరు వరుసలనూ క్యూబులతో పేర్చి, వాటినే గళ్ల నోటుబుక్కులో బొమ్మ గీసి, తర్వాత 6 × 8 అని రాస్తే ఆ రెండు గదుల మధ్య తలుపు తెరుచుకుంటుంది. చేత్తో, తర్వాత బొమ్మతో, తర్వాత అంకెతో. 1960ల్లో బ్రూనర్ అనే మనస్తత్వవేత్త చెప్పిన వరుస ఇదే. 1980ల నుంచి సింగపూర్ బడుల్లో లెక్కలు నేర్పేదీ ఈ దారిలోనే. మీ షీట్లలో మధ్యది, అంటే పాప చేత్తో బొమ్మ గీయడం, లేదు. స్కూల్లో మొదటి రెండూ లేవు. అందుకే క్యూబులతో వచ్చిన లెక్క పేపరు మీద రాదు.

మామగారికి క్షమాపణ చెప్పాలా అని మీరు అడగలేదు, కానీ అడిగినట్టే ఉంది. పెద్ద సీన్ అక్కర్లేదు. మీ వారి ఎదురుగా అసలే వద్దు. టీ ఇచ్చేటప్పుడు, 'ఆ రోజు నేనన్నది మిమ్మల్ని కాదు మామయ్యా, మా బడిలో ఒకాయన్ని' అంటే చాలు. తర్వాత ఒక లెక్క అడగండి. నిజంగా అడగండి, మర్యాదకి కాదు.

ఏ లెక్కో కూడా చెప్తాను. 27 క్యూబులతో పెద్ద క్యూబు కట్టి, దాన్ని అలాగే రంగు బకెట్‌లో ముంచి తీశాం అనుకుందాం. ఆరాక విడగొడితే, మూడు వైపులా రంగు అంటినవి ఎన్ని? రెండు వైపులా అంటినవి? ఒక్క వైపే అంటినవి? అసలు రంగే తగలనివి? ముందు పాపను విడగొట్టకుండా చెప్పమనండి. చాలామంది పిల్లలు ఆరు ముఖాలు, ముఖానికి తొమ్మిది, కాబట్టి 54 క్యూబులకు రంగు అంటింది అంటారు. ఉన్నవే 27! అక్కడ 'తప్పు' అనకండి. 'మరి ఉన్నవే 27 కదా, 54 ఎక్కడినుంచి వచ్చాయి?' అని మీరూ బుర్ర గోక్కోండి. విడగొట్టి చూస్తే మూలల్లో ఉన్న 8కి మూడేసి వైపుల రంగు, అంచుల మధ్యలో ఉన్న 12కి రెండేసి, ముఖాల నడుమ ఉన్న 6కి ఒక్కొక్కటి, నట్టనడుమ ఉన్న ఒక్కదానికి ఏమీ లేదు. 8, 12, 6, 1 కలిపితే 27. రంగు పడ్డ చోట్లు లెక్కపెడితే 24, 24, 6. మొత్తం 54! పాప చెప్పిన 54 తప్పు కాదు, అది ఇంకో ప్రశ్నకు జవాబు. ఆ క్షణంలో పిల్ల మొహం చూడాలి. 64 క్యూబులతో కడితే 8, 24, 24, 8 వస్తాయి. మూలలు ఎప్పుడూ ఎనిమిదే ఎందుకని పాపే అడుగుతుంది.

ఇప్పుడు ఆ నాలుగంకెలు, 1, 6, 12, 8, ఒక కాగితం మీద రాసి మామగారి ముందు పెట్టండి. తొమ్మిదో తరగతికి ముప్ఫైసార్లు చెప్పి ఉంటారాయన: ఏ ప్లస్ బీ హోల్ క్యూబ్. ఏ క్యూబ్, త్రీ ఏ స్క్వేర్ బీ, త్రీ ఏ బీ స్క్వేర్, బీ క్యూబ్. ఏ బదులు 1, బీ బదులు 2 వేస్తే సరిగ్గా ఆ నాలుగంకెలే. ఏ అంటే రంగు తగలని లోపలి భాగం, బీ అంటే రెండు పక్కలా ఉండే రెండు పొరలు. నల్లబల్ల మీద ముప్ఫై ఏళ్లు రాసిన సూత్రం ఆయన చేతిలో రంగురంగుల ముక్కలుగా విడిపోతుంది. ఇది చూశాక కూడా 'ప్లాస్టిక్ ముక్కలు' అంటారేమో చూద్దాం.

ఇవన్నీ ఈ కాలం ఫ్యాషన్లని ఆయనంటే, ఒక మాట చెవిన వేయండి. 1837లో జర్మనీలో చిన్నపిల్లల బడి పెట్టిన ఫ్రోబెల్ తయారు చేయించిన ఆటసామానులో మూడోది ఎనిమిది చెక్క క్యూబులు. 1939లో మద్రాసు వచ్చి, రెండో ప్రపంచ యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయిన ఇటలీ విద్యావేత్త మాంటిస్సోరీ పద్ధతిలో ఇదే హోల్ క్యూబ్ సూత్రాన్ని ఎనిమిది చెక్కముక్కలుగా పెట్టెలో పెట్టి ఐదేళ్లలోపు పిల్లలకే ఇస్తారు. పేరు చెప్పరు, పేర్చమంటారంతే.

మీ ముందున్న దారులు నాకు కనబడినంతవరకు చెప్తాను. ఏది పట్టుకోవాలో మీ ఇంటి సంగతి తెలిసినవాళ్లు మీరే తేల్చుకోవాలి.

క్యూబులు అటకెక్కించి, మీ వారు చెప్పినట్టు చేర్చేయొచ్చు. ఇల్లు వెంటనే ప్రశాంతంగా ఉంటుంది, అది తక్కువ లాభమేం కాదు. అబాకస్‌తో చకచకా కూడటం, గుణించడం వస్తుంది. కానీ పాపకు లేనిది వేగం కాదు. ఎప్పుడు కూడాలో ఎప్పుడు గుణించాలో తెలియడం లేదు, దానికి అబాకస్‌లో మందు లేదు. ఫౌండేషన్ సంగతంటారా, హైదరాబాద్‌లో పక్కింటి పిల్లలంతా చేరుతుంటే మీ వారికి భయం వేయడం సహజం. ఆయన్ని తప్పుపట్టను. అయితే తొమ్మిదేళ్ల పిల్ల సాయంత్రాలు ఒకసారి అక్కడికి వెళ్లాయంటే మళ్లీ వెనక్కి తెచ్చుకోవడం కష్టం. చేర్చాలనుకుంటే ఆరో తరగతిలోనూ చేర్చొచ్చు. ఈ రెండేళ్లు పునాదికి వదిలేయండి అని ఆయనకు చెప్పి చూడండి. 2020 విద్యా విధానం తర్వాత ప్రభుత్వం కూడా నిపుణ్ భారత్ అని, మన రాష్ట్రంలో తొలిమెట్టు అని కార్యక్రమాలు పెట్టి ప్రైమరీ బడుల్లో పట్టుకున్నది ఆ పునాదినే. కోచింగ్ సెంటర్లు వద్దని మీరు వాదిస్తే గొడవే. వాయిదా అడిగితే సేల్స్ మనిషి కదా, బేరానికి వస్తారు.

రెండో దారి, క్యూబులను పూర్తిగా ఆటకు వదిలేయడం. షీట్లు లేవు, టైమర్ లేదు, గ్రూపులో ఫొటోలు లేవు. ఆడుకునే క్యూబులే అని పాపకు మాట ఇవ్వడం. దీనివల్ల వచ్చే స్లిప్ టెస్టులో మార్కు కూడా పెరగదు, అది ముందే తెలుసుకోండి. మీ వారు 'డబ్బులు దండగ' అనొచ్చు. కొన్నాళ్లు పాప అసలు ముట్టుకోకపోవచ్చు కూడా. ఆ కొన్నాళ్లు మీరు ఓర్చుకోగలిగితే, బతుకమ్మ ప్రశ్నలాంటిది మళ్లీ వస్తుంది. అది వచ్చినప్పుడు గ్యాస్ కట్టేసి వెళ్లి పక్కన కూర్చోవాలి. మీవల్ల అవుతుందా?

మూడోది, మీరే కొనసాగించడం, తీరు మార్చుకుని. వారానికి రెండు రోజులు, ఇరవై నిమిషాలు, ఒక్క పజిల్. మీకు జవాబు తెలియనిదే ఎంచుకోండి. ఉదాహరణకు, 12 క్యూబులతో డబ్బా కట్టి గిఫ్ట్ పేపరు చుట్టాలి, ఏ డబ్బాకు పేపరు తక్కువ పడుతుంది? ఒకే వరుసగా పేర్చితే 50 గళ్లు, రెండుకు ఆరైతే 40, మూడుకు నాలుగైతే 38, అంతస్తుకు రెండుకు రెండు చొప్పున మూడంతస్తులు కడితే 32. క్యూబులు అవే పన్నెండు, పేపరు మాత్రం తగ్గుతూ పోతుంది. ఇలాంటివి మీరు ఇష్టపడతారు, ఎందుకంటే ఇది ఖర్చు లెక్క. ఇందులో ప్రమాదం ఒకటే. అలసిపోయిన రోజు మళ్లీ టైమర్ మీదికి చెయ్యి వెళ్తుంది. వెళ్లిన రోజు ఆపేసి టీవీ పెట్టుకోండి, ఏం కాదు.

నాలుగోది, క్యూబులను మామగారి చేతికి ఇచ్చేయడం. ఎక్కాల అరగంటలోనే పది నిమిషాలు క్యూబులు. ఆయన దీన్ని పాఠంగా మార్చేస్తారేమోనన్న భయం మీకుంటుంది, మార్చొచ్చు కూడా. మొదటి వారం ఏ ప్లస్ బీ హోల్ క్యూబ్‌తో పాపను చంపుతారు. కానీ ఇంట్లో లెక్కలు నిజంగా ఇష్టమైన మనిషి ఆయనొక్కరే, పిల్లలకు ఆ ఇష్టం అంటుకుంటుంది. పైగా మీకు సాయంత్రం అరగంట మిగులుతుంది. నేనైతే ఇటే మొగ్గుతాను, రెండో దారిని దీనికి తోడు చేసుకుని: తాతయ్య దగ్గర పది నిమిషాలు, మిగతా అంతా పాప ఇష్టం. మీరు అప్పుడప్పుడు ఏడా ఎనిమిదా అని తగవు పెట్టుకోవడానికి వెళ్తే చాలు. ఆయన కాదంటే మూడో దారి ఎటూ ఉంది.

ఏది ఎంచుకున్నా, డబ్బాను మంచం కిందినుంచి మీరు లాగకండి. పాపే తీసుకురానివ్వండి.

ఇక మూడు క్యూబుల సంగతి. కొత్త ప్యాకెట్ ఇప్పుడే వద్దు, ఉన్నవి వెతకండి. ఎందుకంటే వందకు ఒక గమ్మత్తు ఉంది. ఒక్క క్యూబు, రెండేసి చొప్పున కట్టిన 8, మూడేసి చొప్పున 27, నాలుగేసి చొప్పున 64. నాలుగు సైజుల క్యూబులు పక్కపక్కన నిలబెడితే సరిగ్గా వంద, ఒక్కటి మిగలదు, ఒక్కటి తగ్గదు. వాటిని విడగొట్టి నేలమీద పరిస్తే పదికి పది చదరం. ఆ పది ఏమిటంటే ఒకటీ రెండూ మూడూ నాలుగూ కూడితే వచ్చేదే. ఇలా ఎందుకు వస్తుందో మామగారికి తెలుసు. 97తో అయితే నాలుగో క్యూబుకు మూడు మూలలు బోసిగా ఉంటాయి. మా ఇంట్లో ఇలాంటివి ఫ్రిజ్ కింద, దివాన్ కింద దొరికేవి. వాటిని బయటికి తోయడానికి పొడుగు చెక్క స్కేలు కావాలి. 31 ఏళ్లు లెక్కల మాస్టారుగా చేసిన మనిషి దగ్గర అది ఉండే ఉంటుంది.